ఇంగ్లండ్‌లో నార్త్ యార్క్ మూర్స్ గుట్టలు దాటి విట్బీ, స్కార్‌బరో: మూడు రోజుల సైకిల్ టూరు రూటు చెప్పండి

లీడ్స్_చక్రం
ఆగస్టు చివర్లో ముగ్గురం వెళ్తున్నాం. సటన్ బ్యాంక్ అనే నిటారు ఎక్కుడు దగ్గర మూర్స్ మీదికెక్కి, రోజ్‌డేల్ మీదుగా విట్బీ, అక్కణ్ణుంచి తీరం వెంట స్కార్‌బరో అని ప్లాన్. స్టీల్ టూరింగ్ సైకిళ్లు, రిమ్ బ్రేకులు, 32 ఎం.ఎం. టైర్లు. అన్నిటికంటే తేలిక గేరు ముందు 34 పళ్లు, వెనక 34. ఒక్కో సైకిల్ మీద 12 కిలోల సామాను, మొత్తం వెనక సంచుల్లోనే. రోజుకు 70 కి.మీ. అనుకుంటున్నాం, కుదురుతుందా? ఒకరు పూర్తి శాకాహారి.

పెడల్ పంతులు
70 వద్దండి, అక్కడ దూరం లెక్కకు రాదు. అరకు ఘాట్ ఎక్కినవాళ్లకు ఇదెంత అనిపిస్తుంది గానీ, ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ నిదానంగా ఎత్తుకు తీసుకెళ్తుంది. ఇక్కడి పాత రోడ్లు గుట్ట మీదికి దాదాపు తిన్నగా వెళ్తాయి. సటన్ బ్యాంక్ వాలు 25%, రోజ్‌డేల్ చిమ్నీ బ్యాంక్ 33%.

మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకోండి. 34/34 గేరులో పెడల్ నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకు 7.7 కి.మీ. వస్తుంది. 25% వాలులో ఆ వేగం నిలబెట్టడానికి 500 వాట్లు దాటాలి. ముందు 24 పళ్ల రింగు ఉన్నా 5.5 కి.మీ. వేగానికి 360 వాట్లు కావాలి. టూరింగ్‌లో మనలాంటివాళ్లు గంటల తరబడి ఇచ్చేది 150, మహా అయితే 200. కాబట్టి గేరు ఏదైనా సరే, కొన్ని చోట్ల దిగి తోయాల్సిందే. పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూట్లతో ఆ వాలులో తోయడం నరకం, మామూలు అడుగున్న బూట్లు వేసుకోండి.

గ్రీజు చేతులు
మీ క్రాంక్‌కు (పెడళ్లు బిగించే భాగం) 50, 34 పళ్ల రింగులుంటే దానికి 24 రింగు పట్టదు, బోల్టుల వలయం పెద్దది. అన్నిటికంటే చౌక మార్గం వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) మార్చడం. 11 నుంచి 40 పళ్ల దాకా ఉన్నది (11-40) వేస్తే గేరు 15% తేలికవుతుంది. చెయిన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే పాత డిరేలర్ 40 పళ్లను అందుకోకపోతే దాన్ని కిందికి దించే హ్యాంగర్ ఎక్స్‌టెండర్ కావాలి. చెయిన్ కూడా కొత్తది, రెండు నుంచి నాలుగు లింకులు పొడవు. పెద్ద రింగు మీద, వెనక పెద్ద పళ్ల మీద చెయిన్ పెట్టి డిరేలర్ విరిగిపోయేంత బిగుసుకోవడం లేదు కదా అని స్టాండు మీదే చూడండి. పొట్టిగా ఉంటే తెగేది అక్కడే.

సామానంతా వెనక పెడితే 20% దాటిన ఎత్తులో ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. నాలుగైదు కిలోలు ముందుకు తెండి. ముందు ర్యాక్ లేకపోతే టెంటు, టూల్స్ లాంటి బరువైనవి హ్యాండిల్ బార్‌కు కట్టండి. తేలికైన బట్టలు వెనక.

ఎస్క్ లోయ
రూటే మార్చండి. మూర్స్‌కు దక్షిణాన గుట్టల వెన్నులు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. వెన్ను మీద వెళ్తే ఒక్కసారి ఎక్కితే చాలు, లోయలను అడ్డంగా కోస్తే గంటకో 25% ఎదురవుతుంది. మీ ప్లాన్‌లో లోయలన్నీ అడ్డమే!

మొదటి రోజు: రైల్లో మాల్టన్. అక్కణ్ణుంచి చదునైన పికరింగ్ లోయలో చిన్న రోడ్ల మీద నార్మన్బీ, మార్టన్, A170 పెద్ద రోడ్డు దాటి హటన్-లె-హోల్. సుమారు 25 కి.మీ. నీళ్లు అక్కడే నింపుకోండి, మనిషికి రెండు లీటర్లు. తర్వాత బ్లేకీ రిడ్జ్ అనే వెన్ను మీద 12 కి.మీ. నిదానమైన ఎక్కుడు, పైన లయన్ ఇన్ అనే పబ్బు. 400 మీటర్ల ఎత్తు, రెండు పక్కలా ఊదారంగు హెదర్ పూల పొదలు. ఆగస్టు చివర అంటే పూత బాగా ఉన్నప్పుడే వెళ్తున్నారు. మధ్యలో నీళ్ల చోటు లేదు. వాగు నీళ్లు తాగొద్దు, పైనంతా గొర్రెలే. లయన్ ఇన్ నుంచి దిగుతూ క్యాసిల్‌టన్, డాన్బీ. రాత్రికి అక్కడ ఆగండి.

బ్యాంక్ హాలిడే (ప్రభుత్వ సెలవు) వారాంతమైతే ఆ రిడ్జ్ మీద మోటారు సైకిళ్లు దూసుకొస్తాయి. పొద్దున్న 9 లోపు ఎక్కడం మొదలుపెట్టాలి, అందుకని ముందు రాత్రి మాల్టన్‌లో పడుకోవడం మేలు.

రెండో రోజు: డాన్బీ, లీల్‌హోమ్, గ్లేస్‌డేల్, ఎగ్టన్ బ్రిడ్జ్. దూరం తక్కువే గానీ గ్లేస్‌డేల్ దగ్గర లింబర్ హిల్ 33%. ఎగ్టన్ బ్రిడ్జ్ నుంచి గ్రోస్‌మాంట్‌కు నది పక్కన పాత టోల్ రోడ్డు ఉంది, కంకర దారి, కార్లు లేవు, వాలు లేదు. గ్రోస్‌మాంట్ నుంచి బయటపడే రోడ్లు మళ్లీ నిట్టనిలువే. ఓపిక లేకపోతే అక్కడ రైలెక్కి విట్బీ చేరండి. మొండితనానికి బహుమతులేమీ ఇవ్వరు.

లీడ్స్_చక్రం
మూడో రోజు విట్బీ నుంచి స్కార్‌బరోకు సిండర్ ట్రాక్ అనే దారి ఉందంటున్నారు. 32 ఎం.ఎం. టైర్లకు సరిపోతుందా?

తీరం వెంట
1885లో వేసి 1965లో మూసేసిన రైలు మార్గం అది. పట్టాలు తీసేశారు, కింద బొగ్గు బూడిద, రాళ్లు మిగిలాయి. విట్బీలో 13 కమానుల లార్పూల్ వంతెన మీదుగా మొదలై హాస్కర్, రాబిన్ హుడ్స్ బే, రేవెన్‌స్కార్, క్లోటన్ దాటి స్కార్‌బరోలో ముగుస్తుంది, సుమారు 34 కి.మీ. రైలు దారి కాబట్టి ఏటవాలు రెండున్నర శాతం దగ్గరే ఆగిపోతుంది. రాబిన్ హుడ్స్ బే నుంచి రేవెన్‌స్కార్ దాకా ఎక్కుడే, అక్కడ 190 మీటర్ల ఎత్తుకు చేరతారు. ఆ తర్వాత స్కార్‌బరో దాకా మొత్తం మీద దిగుడు.

కొన్ని ముక్కలు బాగుచేశారు. మిగిలినవి వాన పడితే గుంటలు, తేలిన రాళ్లు, చెట్ల వేర్లు. 32తో వెళ్లొచ్చు గానీ సామానుతో రిమ్ రాయికి కొట్టుకుని ట్యూబుకు పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఫ్రేములో చోటుంటే 37 లేదా 40 వేసి, గాలి 45 నుంచి 50 పీఎస్ఐ పెట్టండి. సన్న టైరుతో అంత తగ్గించొద్దు.

రాబిన్ హుడ్స్ బేలో సముద్రం చూడాలంటే సైకిళ్లు పైనే తాళం వేసి నడిచి దిగండి. సముద్రానికి దిగే ఆ నిటారు వీధిలో సామాను సైకిల్ దింపడమే కష్టం, పైకి తోయడం ఇంకా కష్టం.

గ్రీజు చేతులు
బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నిటారు దిగుడులో రిమ్ బ్రేకు వదలకుండా పట్టుకుంటే రిమ్ వేడెక్కి, లోపల గాలి పీడనం పెరిగి ట్యూబు పేలుతుంది. మొదటే వేగం పెరగనివ్వకండి. గట్టిగా పట్టి, వదిలి, మళ్లీ పట్టండి. మధ్యలో ఆగి చల్లారనివ్వండి. వాన, బూడిద కలిస్తే ప్యాడ్లు ఆకురాయి మీద పెట్టినట్టు అరుగుతాయి. గాడులు కనిపించనంత అరిగినవి బయల్దేరే ముందే మార్చి, ఇంకో జత సంచిలో వేసుకోండి. ప్యాడ్లలో దిగిన రాతి ముక్కలను పుల్లతో కెలికి తీయడం రోజూ సాయంత్రం పని.

కరీంనగర్ పోరడు
గొర్రెలతోని జాగ్రత్త అన్నా. రోడ్డుకు ఒక దిక్కు పిల్ల, ఇంకో దిక్కు తల్లి ఉంటే నువ్వు దగ్గరికి రాంగనే రెంట్ల ఒకటి ఉరుకుతది. రోడ్డుకు అడ్డంగ ఇనుప కడ్డీల క్యాటిల్ గ్రిడ్లు ఉంటయి. తడిగుంటే బ్రేకు కొట్టకుండ తిన్నగ దాటాలె, వంకరగ పోతే చక్రం జారుతది.

పొగమంచు గురించి గుడ ఎరుక చేస్కోండ్రి. తూర్పు గాలి వీస్తే సముద్రం మీది మంచు తీరం మీదికొస్తది, అక్కడోళ్లు దాన్ని ఫ్రెట్ అంటరు. లోపల ఎండ కొడుతున్నా తీరం పొంట ఏం కనవడదు, చలి. వెనక లైటు, గాలి ఆపే జాకెట్ ఎండాకాలమైనా తప్పకుండ పెట్టుకోవాలె.

పులిహోర ప్యాక్
శాకాహారి ఉన్నారన్నారు కదా. యార్క్‌షైర్‌లో చాలా చేపల దుకాణాలు ఆవు కొవ్వులో వేయిస్తాయి. చిప్స్ ఆలుగడ్డే కదా అని తీసుకోకండి, అదే నూనెలో పడతాయి. ఏ నూనె అని అడిగి తీసుకోండి. పల్లె పబ్బుల్లో వంటగది చాలాచోట్ల మధ్యాహ్నం మూసి సాయంత్రమే తెరుస్తారు. మొదటి రోజు రిడ్జ్ మీదికి పులిహోర, వేరుశనగ చిక్కీ పట్టుకెళ్లండి. పెరుగన్నం ఎండలో సంచిలో పులుస్తుంది.

ఎస్క్ లోయ
ముగ్గురు అన్నారు కాబట్టి రైలు సంగతి ముందే చూసుకోండి. గ్రోస్‌మాంట్ నుంచి విట్బీ వెళ్లే ఎస్క్ లోయ లైన్‌లో నార్తర్న్ కంపెనీ రైళ్లు, సైకిళ్లకు రిజర్వేషన్ లేదు, రైలుకు రెండే, ముందొచ్చినవాళ్లకే. మూడోది ఎక్కించాలా వద్దా అనేది గార్డు ఇష్టం. రోజుకు కొద్ది రైళ్లే కాబట్టి ఒకరు తర్వాతి దానికి ఆగాలంటే గంటలు పోతాయి. స్కార్‌బరో నుంచి తిరుగు ప్రయాణం ట్రాన్స్‌పెన్నైన్ కంపెనీ రైల్లో, అక్కడ సైకిల్‌కు ముందే బుక్ చేయాలి, ఉన్న చోట్లు కొన్నే. ముందు మూడు సైకిళ్ల చోట్లు దొరికిన రైలు చూసి, ఆ తేదీకి గదులు బుక్ చేయండి.

లీడ్స్_చక్రం
ప్లాన్‌లోంచి సటన్ బ్యాంక్ కొట్టేశాం. మాల్టన్ రూటు, 11-40 క్యాసెట్, 37 టైర్లు. గ్రీజు చేతులు గారూ, మా డిరేలర్ పొడవు కేజ్‌దే, మోడల్ నంబరు సాయంత్రం పెడతాను.