శ్యోక్ నది మీది వంతెనకి ఒక కల్నల్ పేరెందుకు పెట్టారు?

గోదారిగట్టు:
లద్దాఖ్‌లో చైనా సరిహద్దు వైపు పోయే దౌలత్ బేగ్ ఓల్డీ రోడ్డు గురించి చదువుతుంటే "కల్నల్ చెవాంగ్ రించెన్ సేతు" అన్న పేరు కనిపించింది. వంతెనలకి నాయకుల పేర్లో దేవుళ్ల పేర్లో పెట్టడమే చూశాను. ఈయన కల్నల్. ఆ వంతెన కట్టిన ఇంజినీరా? లేక అక్కడే ప్రాణాలు వదిలారా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

చింతచెట్టు:
రెండూ కాదండి. ఆయన ఆ ప్రాంతపు మనిషి. నుబ్రా లోయలో సుమూర్ ఊరు, 1931లో పుట్టి 1997లో పోయారు. యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే పతకాల్లో పరమవీర చక్ర తర్వాతిదైన మహావీర చక్ర రెండుసార్లు అందుకున్నారు. మన త్రివిధ దళాలు మొత్తంలో అలా రెండుసార్లు దక్కింది ఆరుగురికే. వంతెనని 2019 అక్టోబరు 21న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు.

పాత_సాపర్:
చింతచెట్టు గారు చెప్పింది నిజమే, కానీ అసలు సంగతి నదిలో ఉంది బాబూ. మ్యాప్ తెరిచి శ్యోక్ నది వెంట వేలు పెట్టి కిందికి రండి. 1948లో పాకిస్తాన్‌తో యుద్ధంలో స్కర్దూ చేజారిపోయింది, లేహ్‌కి ముప్పు వచ్చిపడింది. ఆ ఏడాది ఈ రించెన్ వయసు పదహారు, పదిహేడు మధ్య. ఊళ్లలో కుర్రాళ్లని పోగేసుకుని నుబ్రా గార్డ్స్ అనే స్థానిక దళంలో చేరాడు. ఆ చలికాలం బియాగ్‌దాంగ్‌దో దగ్గర ఒక కొండ పట్టుకోవడానికి మూడు రోజులు మంచులో నడిచారు, ప్లాటూన్‌లో సగం మంది చేతులూ కాళ్లూ చలికి దెబ్బతిన్నాయి. మొదటి మహావీర చక్ర దానికే.

ఇరవై మూడేళ్ల తర్వాత, 1971 డిసెంబరులో, మేజర్‌గా లద్దాఖ్ స్కౌట్స్‌ని తీసుకుని మళ్లీ అదే నది పక్కకి వచ్చాడు. లోయ వెంట తిన్నగా వెళ్లలేదు, కొండల మీదుగా తిప్పాడు. చలుంకా, తుర్తుక్ లాంటి ఊళ్లు మన చేతికొచ్చాయి. రెండో పతకం దానికి. కొత్త వంతెన ఎగువన ఉంది, ఆయన కొట్లాడిన చోట్లు దిగువన ఉన్నాయి. నది మాత్రం ఒకటే. ఢిల్లీలో ఎవరో జాబితా చూసి ఏరిన పేరు కాదనిపిస్తుంది నాకు.

ఇక వంతెన సంగతి. నేను సైన్యంలో మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీర్ల దళంలో చేశాను కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. అది బెయిలీ రకం, అంటే ముక్కలుగా తెచ్చి అక్కడే బిగించే ఉక్కు వంతెన. కొంచెం వెడల్పు ఎక్కువ, పొడవు 1,400 అడుగులు. మామూలు బెయిలీలో ఒక్కో ప్యానెల్ పదడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, బరువు దాదాపు 260 కిలోలు. ఆరుగురం బార్లు గుచ్చి "హుప్" అనగానే ఒక్కసారి లేపాలి. ఒకడు లేటైతే పక్కవాడి నడుము పట్టేస్తుంది. ఒడ్డునే ప్యానెల్‌కి ప్యానెల్ పిన్నులతో బిగించి, రోలర్ల మీద పెట్టి, ఇవతలి గట్టు నుంచే అవతలికి తోస్తాం. ముందు భాగం గాల్లో వేలాడుతూ పోతుంది. అది అవతలి రోలర్ మీద ఆనేదాకా ఎవడూ మాట్లాడడు.

రావిపాడు:
పేరు పెడితే ఏమొస్తుందండీ? బోర్డు తుప్పు పడుతుంది, జనం పాత పేరుతోనే పిలుస్తారు. 2023 జనవరి 23న అండమాన్‌లో 21 దీవులకి పరమవీర చక్ర వాళ్ల పేర్లు పెట్టారు. ఆ వీరుల్లో ఎంతమంది ఆ దీవుల్లో కాలు పెట్టారు?

పాత_సాపర్:
రావిపాడు గారూ, మీ అనుమానం అర్థమైంది. దీవుల పేర్లు గౌరవానికి పెట్టినవి, అందులో తప్పు పట్టను. కానీ సొంత మనిషి పేరు వేరు. మన ధవళేశ్వరం తీసుకోండి. కాటన్ దొర కూడా మద్రాస్ ఇంజినీర్స్ ఆఫీసరే, బర్మా యుద్ధానికీ వెళ్లొచ్చాడు. ఆ సంగతి గోదావరి డెల్టాలో ఎంతమందికి గుర్తుంది? 1852 నాటికి ఆనకట్ట కట్టి నీళ్లిచ్చాడు, అందుకే బ్యారేజీ మీద ఆయన పేరు నిలబడింది. రించెన్‌ది ఇంకో రకం. నీళ్లివ్వలేదు, ఊళ్లు కాపాడాడు. రెండు చోట్లా ఆ నదితో మనిషికి లెక్క ఉంది.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండి. మీరు కట్టిన వంతెనలకి ఎవరి పేరైనా పెట్టారా?

పాత_సాపర్:
లేదు బాబూ. ఎన్ని టన్నుల బండి దాటొచ్చో రాసిన బోర్డు, అంతే. ఒకదానికి మాత్రం మాలో మేం పేరు పెట్టుకున్నాం. ఇంకా పలకలు సగమే పరిచాం, అవతలి గట్టు మీద నలుగురం వణుకుతూ కూర్చున్నాం. మా లంగర్ వంటాయన కెటిల్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ప్యానెల్ పట్టుకుని, అడ్డదూలాల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చాడు. సుబేదార్ సాబ్ ఇవతలి నుంచి తిడుతూనే ఉన్నాడు. టీ సగం ఒలికిపోయింది, మిగిలింది వెచ్చగానే ఉంది. ఆ తర్వాత వైర్‌లెస్‌లో కూడా మేం దాన్ని "చాయ్ పుల్" (టీ వంతెన) అనే అనేవాళ్లం.