నీట్షే ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది? పోలండ్ కథ నిజమేనా?

ప్రశ్న: సందేహి

నమస్కారం. తత్వవేత్త ఫ్రీడ్రిక్ నీట్షే 1888లో రాసిన ఆత్మకథలో తన పూర్వీకులు పోలండ్ ప్రభువర్గం వాళ్లని చెప్పుకున్నాడు. ఇంటి పేరు మొదట్లో "నియెట్‌స్కీ" అని ఉండేదనే మాట కూడా ప్రచారంలో ఉంది. ఇందులో నిజమెంత? జర్మనీలో ఈ ఇంటిపేరు చాలా అరుదు కదా, అంటే ఇప్పుడున్న నీట్షేలందరూ ఒకే కుటుంబం వాళ్లా? దీని పుట్టుక, వ్యాప్తి ఎవరైనా మొదటినుంచి తవ్వి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వివరంగా చెప్పగలరు.

జవాబు 1: నామరేఖ

అరుదైనది పేరు కాదండీ, ఆ వర్ణక్రమం. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నల్లో సగం తేలిపోతాయి.

ఇది నికోలస్ అనే పేరుకి ముద్దుపేరు. సెయింట్ నికోలస్ అస్థికలు 1087లో ఇటలీలోని బారికి చేరాక ఆయన మీద భక్తి యూరప్ అంతా పాకింది. జర్మన్ ఊళ్లలో వీధికో నికోలస్ తయారయ్యాడు. అంతమందిని పూర్తి పేరుతో పిలవలేక ఒక్కో ప్రాంతం ఒక్కో రకంగా కత్తిరించుకుంది. కొందరు తోక ఉంచుకున్నారు: క్లాస్, సిలీషియాలో (ఇప్పుడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉన్న పాత జర్మన్ ప్రాంతం) క్లోజె. ఫుట్‌బాల్ ఆటగాడు మిరొస్లావ్ క్లోజె ఇంటిపేరు ఇదే, ఆయన పుట్టింది కూడా ఆ ప్రాంతంలోని ఓపెల్న్ (ఇప్పటి ఒపోలె) ఊళ్లోనే. ఇంకొందరు తల ఉంచుకున్నారు: నికెల్, నిట్స్, నిట్షే. అంటే క్లోజె, నీట్షే ఒకే చెట్టు కొమ్మలు.

సాలె నది నుంచి నైసె నది దాకా ఉన్న నేల, అంటే సుమారుగా జర్మనీ తూర్పున ఉన్న సాక్సనీ వైపు, ఒకప్పుడు స్లావ్ జాతి సోర్బులది. 12, 13 శతాబ్దాల్లో పడమటి నుంచి జర్మన్ రైతులు, చేతిపనులవాళ్లు వచ్చి వాళ్ల మధ్య స్థిరపడ్డారు. రెండు భాషలు ఒకే ఊళ్లో కాపురం చేసేసరికి జర్మన్ పేర్లకి స్లావిక్ ముద్దు ప్రత్యయం, అదే "చ్" ధ్వని, తగులుకుంది. ఫ్రీడ్రిక్ నుంచి ఫ్రిట్షే వచ్చినట్టే నికోలస్ నుంచి నిట్షే వచ్చింది.

ఇక పోలండ్ సంగతి. పోలిష్‌లో నికోలస్ అంటే మికొవాయ్, చెక్‌లో మికులాష్, సోర్బియన్‌లో మిక్వవ్ష్. మూడూ "మ"తో మొదలవుతాయి. నీట్షేలో ఉన్నది "న". పేరు మొదలు జర్మన్, తోక స్లావిక్. దీన్నిబట్టి పోలిష్ మూలం కంటే సాక్సనీ వైపు మూలమే బలంగా కనిపిస్తుంది. పైగా "స్కీ"తో ముగిసే ప్రభువర్గ పేర్లు ఎక్కువగా ఒక ఊరినో ఎస్టేటునో బట్టి వస్తాయి, ముద్దుపేరుని బట్టి కాదు. వైమార్‌లో నీట్షే పత్రాలయాన్ని చూసుకున్న మాక్స్ ఓలర్, నీట్షేకి తల్లి వైపు బంధువే, చర్చి రిజిస్టర్ల ఆధారంగా వంశవృక్షం తయారుచేశాడు. అందులో తేలినవాళ్లందరివీ జర్మన్ పేర్లే, కోడళ్ల పుట్టిళ్లతో సహా. నీట్షే తాత ఫ్రీడ్రిక్ ఆగస్ట్ లుడ్విగ్ 1756లో బిబ్రాలో పుట్టి, ఐలెన్‌బుర్గ్‌లో చర్చి సూపరింటెండెంట్‌గా చేసి 1826లో పోయాడు. రెండూ పాత సాక్సనీ ఊళ్లే. కాబట్టి ఆ పోలండ్ కథ ఇంట్లో చెప్పుకున్న మాటే, దాని వెనక పత్రం లేదు.

జవాబు 2: పటంచూపు

వ్యాప్తి గురించి నేను చెబుతాను. అక్షరాలు చూస్తే చాలు, చాలావరకు ప్రాంతం తెలిసిపోతుంది. నాలుగు రూపాలు పక్కపక్కన పెట్టుకోండి.

నీట్షే: ఎన్-ఐ-ఈ-టి-జెడ్-ఎస్-సి-హెచ్-ఈ
నిట్జ్‌షే: ఎన్-ఐ-టి-జెడ్-ఎస్-సి-హెచ్-ఈ
నిట్షే: ఎన్-ఐ-టి-ఎస్-సి-హెచ్-ఈ
నిట్ష్‌కే: ఎన్-ఐ-టి-ఎస్-సి-హెచ్-కె-ఈ

మధ్యలో ఉన్న ఆ "టి-జెడ్-ఎస్-సి-హెచ్" గుంపు సాక్సనీ ముద్ర. ఒక్క "చ్" ధ్వనికి అక్కడి లేఖకులు ఐదక్షరాలు రాసేవారు. డేలిట్ష్, లైప్‌జిగ్‌లోని లాయిట్ష్ లాంటి ఊరి పేర్లలో ఇప్పటికీ అదే గుంపు ఉంది. జెడ్ లేని నిట్షే ఎక్కువగా సిలీషియాది. చివర "కే" ఉన్న నిట్ష్‌కే సిలీషియా, బ్రాండెన్‌బుర్గ్, పోజెన్ (ఇప్పటి పోలండ్‌లోని పోజ్నాన్) వైపుది. మొదటి రూపంలో అదనంగా ఉన్న "ఐ-ఈ" దీర్ఘాన్ని చూపడానికే. నాలుగింటిలో బాగా అరుదైనది ఈ మొదటిదే.

పటం గీసేటప్పుడు జనం చేసే తప్పులు చెబుతాను.

ఫోన్ డైరెక్టరీల మీద ఆధారపడ్డ పటాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, జియోజెన్ అలాంటిదే. అందులో మొత్తం సంఖ్యల పటం చూస్తే ఏ పేరుకైనా బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్ ఎర్రగా వెలుగుతాయి, జనం ఎక్కువ కాబట్టి. పది లక్షల మందికి ఎన్ని అని చూపే పటం పెట్టుకోవాలి. కానీ అరుదైన పేరుకి అదీ మోసం చేస్తుంది. 50,000 మంది ఉన్న జిల్లాలో రెండు నమోదులుంటే పది లక్షలకి 40 అవుతుంది. 35 లక్షల నగరంలో 70 ఉంటే పది లక్షలకి 20 మాత్రమే. పటంలో చిన్న జిల్లా రెండింతలు ముదురుగా కనిపిస్తుంది, నిజానికి అక్కడున్నది అన్నదమ్ములిద్దరే కావచ్చు. అందుకని రెండు పటాలూ పక్కన పెట్టుకుని, చుట్టుపక్కల జిల్లాల్లోనూ పేరుందా అని చూడాలి. ఆనుకుని ఉన్న నాలుగైదు జిల్లాలు కలిసి వెలిగితే అది గూడు. ఒంటరి చుక్క వలస.

రెండోది, 1945 తర్వాత సిలీషియా, తూర్పు ప్రష్యా, పొమెరేనియా, ఇంకా తూర్పు యూరప్ దేశాల నుంచి కోటీ ఇరవై లక్షల మంది దాకా జర్మన్లు వెళ్లగొట్టబడ్డారు. వాళ్లని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దింపారు. అందుకే నిట్షే, నిట్ష్‌కే ఇప్పటి పటంలో దేశమంతా పల్చగా చల్లినట్టుంటాయి. గూడు కనబడకపోతే "ఈ పేరుకి మూలం లేదు" అనుకోకూడదు, మూలం ఇప్పటి సరిహద్దుకి అవతల ఉందేమో అని అనుమానించాలి. జెడ్ ఉన్న సాక్సనీ రూపాలకి ఈ చిక్కు తక్కువ, ఆ నేల జర్మనీలోనే మిగిలింది.

ఇంకో సంగతి: తూర్పు జర్మనీలో 1990కి ముందు ఇళ్లలో ఫోన్లు చాలా తక్కువ. 1990ల మొదట్లో వచ్చిన డైరెక్టరీతో సాక్సనీ పేరు పటం గీస్తే అది బక్కగా వస్తుంది. జర్మన్ ఇంటిపేర్ల అట్లాసుకి 2005 నాటి ఫోన్ సమాచారం వాడారు, ఈ విషయంలో అది నయం.

1945కి ముందటి చిత్రం కావాలంటే మొదటి ప్రపంచ యుద్ధపు క్షతగాత్రుల, మృతుల జాబితాలకి మించినవి లేవు. దాదాపు 31,000 పేజీలు, 85 లక్షల నమోదులు. కాంప్‌గెన్ అనే వంశచరిత్ర సంఘం వాలంటీర్లు మొత్తం టైపు చేసి ఉచితంగా పెట్టారు. పేరు పక్కన ఊరు ఉంటుంది. ఆ ఊళ్లని 1912 నాటి మేయర్ స్థలనిఘంటువులో చూసి జిల్లా తేల్చుకోండి, తొందరపడి పటం మీద చుక్క పెట్టకండి. నాయ్‌డోర్ఫ్, అంటే కొత్తూరు, అనే పేరుతో పదుల కొద్దీ ఊళ్లున్నాయి.

దేశం దాటినవాటిలో నిట్ష్‌కే రూపం దక్షిణ ఆస్ట్రేలియాలో బాగా కనిపిస్తుంది. ప్రష్యా రాజు చర్చిలను కలిపేయడాన్ని ఒప్పుకోని పాత లూథరన్లు పాస్టర్ కావెల్ వెంట 1838లో అడిలైడ్ చేరారు, తర్వాత కూడా గుంపులు గుంపులుగా వెళ్లారు. వాళ్లు బయల్దేరింది ఈ పేరున్న బ్రాండెన్‌బుర్గ్, సిలీషియా ప్రాంతాల నుంచే. క్రికెట్ చూసేవాళ్లకి అడిలైడ్‌లో పుట్టిన షెల్లీ నిట్ష్‌కే పేరు తెలిసే ఉంటుంది.

సందేహి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి. ఆన్‌లైన్ సూచికల్లో "నీట్షే" అని అక్షరాలన్నీ సరిగ్గా కొట్టి వెతికితే అతి తక్కువ వస్తున్నాయి. వర్ణక్రమాలు ఇన్నున్నప్పుడు ఎలా వెతకాలి? పాత రిజిస్టర్లలో ఏ రూపంలో ఉంటుందో ముందే ఊహించడం కుదురుతుందా?

జవాబు 3: పాతలిపి

కుదురుతుంది, కానీ ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ప్రష్యాలో 1874 అక్టోబరు 1న, మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో 1876 జనవరి 1న పౌర నమోదు కార్యాలయాలు మొదలయ్యాయి. దాంతోనే వర్ణక్రమం బిగుసుకుంది. అంతకుముందు పాస్టర్ చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఒకే మనిషి బాప్తిస్మంలో నిట్జ్‌షే, పెళ్లిలో నీట్షే, ఖననంలో నిట్షే కావచ్చు. కాబట్టి 1874కి ముందు "మా వర్ణక్రమం వేరు, మా కుటుంబం వేరు" అన్న వాదన నిలబడదు.

స్త్రీల పేర్లు వేరే వెతకాలి. 18వ శతాబ్దం దాకా ఆడవాళ్ల ఇంటిపేరు చివర "ఇన్" చేర్చేవారు. నిట్జ్‌షే వారి ఆడపడుచు "నిట్జ్‌షిన్" అవుతుంది. సూచిక తయారుచేసినవాళ్లు దాన్ని అలాగే ఎక్కించి ఉంటే మీ వెతుకులాటలో ఆ కుటుంబంలోని ఆడవాళ్లందరూ మాయమవుతారు. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

తర్వాత చేతిరాత. ఆ రోజుల్లో వాడిన కురెంట్ లిపిలో "ఈ" అక్షరం రెండు చిన్న నిలువు గీతలు, "ఎన్" కూడా దాదాపు అంతే. "ఐ-ఈ" జంటలో ఐ మీది చుక్క పక్కకి జరిగితే "ఎన్" తర్వాత వరుసగా గీతలే మిగులుతాయి, ఎన్ని గీతలు ఏ అక్షరానివో లెక్కపెట్టుకోవాలి. పొడవు "ఎస్" పైకీ కిందికీ సాగి "ఎఫ్"లా, "హెచ్"లా కనిపిస్తుంది. టి, జెడ్ కలిసి ఒకే ముడి అవుతాయి. పెద్ద "ఎన్"ని "ఆర్" అని చదివి రీట్షే అని ఎక్కించడమూ మామూలే. అందుకని మొదటి అక్షరం ఆర్ పెట్టి కూడా ఒకసారి వెతకండి.

ధ్వనిని బట్టి వెతికే పద్ధతులున్నాయి, వాటి హద్దులు తెలిసి వాడాలి. జర్మన్ పేర్లకి 1969లో వచ్చిన కొలోన్ పద్ధతిలో నీట్షే, నిట్జ్‌షే, నిట్షే మూడింటికీ ఒకే సంకేతం, 68. ఎన్‌కి 6, మిగతా హల్లుల గుంపంతా కలిసి ఒక్క 8. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ అందులో ఎమ్‌కి కూడా 6 కాబట్టి మెట్స్, మాస్ లాంటి పేర్లన్నీ 68 కిందికే వచ్చి పడతాయి. నిట్ష్‌కే మాత్రం 684 అయి తప్పించుకుంటుంది. అమెరికా జనగణనల్లో వాడిన సౌండెక్స్ పద్ధతి ఇక్కడ మెరుగు. నాలుగు రూపాలూ ఎన్-320 కిందే చేరతాయి, ఎమ్ పేర్లు రావు. అది మొదటి అక్షరాన్ని మాత్రం మార్చదు, కాబట్టి ఆర్ పొరపాట్లు దొరకవు. నక్షత్రం గుర్తు ఒప్పుకునే డేటాబేసు అయితే ఎన్-ఐ, నక్షత్రం, ఎస్-సి-హెచ్, నక్షత్రం అని కొట్టండి. నాలుగు రూపాలూ, "ఇన్" స్త్రీ రూపాలూ ఒకేసారి వస్తాయి.

ఎక్కడ చూడాలంటే, ప్రొటెస్టెంట్ రిజిస్టర్లు ఆర్కియన్ అనే వెబ్‌సైటులో, డబ్బు కట్టాలి. కాథలిక్‌వి ఎక్కువగా మాట్రికులా వెబ్‌సైటులో, ఉచితం. సాక్సనీ లూథరన్ దేశం కాబట్టి ఈ పేరుకి మొదటిదే పనికొస్తుంది, అయితే డబ్బు కట్టే ముందు మీక్కావలసిన పారిష్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పౌర నమోదుల్లో జననాలు 110 ఏళ్లు, పెళ్లిళ్లు 80, మరణాలు 30 ఏళ్లు దాటాకే ఆర్కైవులకి చేరతాయి. ఈ మూడింటిలో మరణ రిజిస్టరే ముందు తెరుచుకుంటుంది, అక్కడినుంచి వెనక్కి నడవడం తేలిక.

ఒక పాలనా చిక్కు కూడా ఉంది. 1815 వియన్నా కాంగ్రెస్‌లో సాక్సనీ రాజ్యపు ఉత్తర భాగం ప్రష్యాకి పోయింది. 1844లో నీట్షే పుట్టిన ర్యోకెన్ అందుకే అప్పటికి ప్రష్యాలో ఉంది. ఇప్పుడు అది సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రంలో, లూట్సెన్ పట్టణంలో భాగం. తాత పనిచేసిన ఐలెన్‌బుర్గ్ ఇప్పుడు సాక్సనీ రాష్ట్రంలో ఉంది. ఒకే వంశం కాగితాలు రెండు రాష్ట్రాల ఆర్కైవుల్లో వెతకాలి. ఇంకా వెనక్కి పోతే, 1700లో ప్రొటెస్టెంట్ రాజ్యాలు పంచాంగం మార్చాయి. ఫిబ్రవరి 18 తర్వాత నేరుగా మార్చి 1. ఆ ఏడాది వయసులు లెక్కేసేటప్పుడు పదకొండు రోజుల తేడా వస్తే కంగారుపడకండి.

జవాబు 4: నామరేఖ

"అందరూ ఒకే కుటుంబమా" అన్నదానికి నేరుగా జవాబివ్వలేదు. కాదు. నికోలస్ అనే తండ్రి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ పేరు విడిగా పుట్టి ఉండొచ్చు. రెండు నీట్షే కుటుంబాలు పక్క ఊళ్లలో ఉన్నా రక్తసంబంధం ఉందని పేరొక్కటే చెప్పలేదు.

నిజంగా ఒకే మూలం ఉన్న అరుదైన పేరు ఎలా ఉంటుందో చూడాలంటే బోన్‌హోఫర్ తీసుకోండి. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నుంచి "వాన్ డెన్ బూన్‌హోఫ్" అనే కుటుంబం 1513లో ష్వేబిష్ హాల్ చేరి, అక్కడ కంసాలి పనితో స్థిరపడింది. ఆ పేరు ఒక స్థలం నుంచి వచ్చింది, ఒక్క కుటుంబంతో ప్రయాణించింది. అలాంటి పేరుకి పటంలో ఒక్క గూడే ఉంటుంది, అక్కడినుంచి కొమ్మలు బయటికి పోతాయి. హిట్లర్‌ని ఎదిరించి 1945లో ఉరికి బలైన పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ మాత్రం 1906లో సిలీషియాలోని బ్రెస్లావ్‌లో పుట్టాడు. తండ్రి కార్ల్ అక్కడి విశ్వవిద్యాలయంలో మనోవైద్య ఆచార్యుడు కాబట్టి. ఆ ఒక్క జన్మస్థలం పట్టుకుని ఇది సిలీషియా పేరు అనుకుంటే దారి పూర్తిగా తప్పుతుంది. ప్రసిద్ధుడి పుట్టిన ఊరిని ఆధారంగా ఎప్పుడూ తీసుకోకండి, అంతకంటే కనీసం మూడు తరాలు వెనక్కి వెళ్లాలి.

నీట్షే పేరుకి అలా ఒక్క గూడు వెతికితే దొరకదు. 16వ శతాబ్దంలో టర్కులతో యుద్ధాల కోసం వసూలు చేసిన పన్ను జాబితాలు సాక్సనీ ఆర్కైవుల్లో ఉన్నాయి, ఊరివారీగా, ఇంటి యజమాని పేరుతో. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధం ఊళ్లని చెదరగొట్టక ముందటి చిత్రం అది. ఏ ఊళ్లలో ఈ పేరు ఒకేసారి, విడివిడిగా ఉందో అక్కడ చూసి, తర్వాత ఒక్కో ఊరి చర్చి రిజిస్టరు వరుసగా పట్టుకోండి. రెండు ఊళ్ల వరుసలు కలిసేదాకా వాటిని వేర్వేరు కుటుంబాలుగానే రాసుకోండి.