దారిలో కెమెరా మొరాయిస్తే స్క్రూడ్రైవర్ తీయాలా, వద్దా?

మంజీర
లద్దాఖ్‌లోనో అండమాన్‌లోనో కెమెరా ఆగిపోయిందనుకోండి. దగ్గర్లో సర్వీస్ సెంటర్ లేదు, తిరుగు ప్రయాణానికి ఇంకా చాలా రోజులుంది. అక్కడికక్కడే విప్పి చూసుకోవడానికి చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, ట్వీజర్లు సంచిలో ఉండాలని కొందరు, ఇంటికొచ్చేదాకా స్క్రూ జోలికే పోవద్దని కొందరు. నేను రెండో వైపు.

కారణం ఫ్లాష్. లోపలే ఫ్లాష్ ఉన్న కెమెరాలో దానికి చార్జ్ దాచిపెట్టే భాగం, అంటే కెపాసిటర్, సుమారు 300 వోల్టుల దాకా చార్జ్ అవుతుంది. బ్యాటరీ తీసినంత మాత్రాన ఆ చార్జ్ వెంటనే పోదు. జేబులో పట్టే చిన్న కాంపాక్ట్ కెమెరాల్లో పై కవరు ఊడగానే వేలు దానికి తగిలే ప్రమాదముంది. షాక్ గట్టిగానే కొడుతుంది. పోనీ స్క్రూడ్రైవర్ మొనతో షార్ట్ చేద్దామంటే నిప్పురవ్వ లేచి బోర్డు కాలిపోవచ్చు. లాడ్జి మంచం మీద కూర్చుని చేసే పని కాదండీ.

కొల్లేటి కొంగ
మంజీర గారూ, లోపల ఫ్లాషే లేని బాడీల (లెన్సు విడదీయగా మిగిలే కెమెరా) మాటేమిటి? పెద్ద సెన్సర్ ఉండి లోపల అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లలో చాలావాటికి అది ఉండదు. అక్కడ షాక్ వాదన నిలవదు.

అసలు దెబ్బతీసేది స్క్రూలు. జపాన్ కెమెరాల్లో ఉండేవి ఎక్కువగా జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) తల స్క్రూలు. చూపుకు ప్లస్ గుర్తున్న మామూలు ఫిలిప్స్‌లాగే ఉంటాయి గానీ, ఫిలిప్స్ బిట్టు పెట్టి తిప్పితే జారి తల అరిగిపోతుంది. కొన్ని గ్రిప్ రబ్బరు కింద దాగుంటాయి. పక్కపక్కనే ఉన్నవైనా ఒకే పొడవుండవు, పొడుగుదాన్ని పొట్టిదాని చోట బిగిస్తే లోపలున్న దానికి గుచ్చుకుంటుంది. ఫ్లాట్ కేబుళ్ల కనెక్టర్ మీద చిన్న రెక్క ఉంటుంది, దాన్ని ఎత్తకుండా లాగితే కేబుల్ చిరుగుతుంది. సరైన బిట్లుండి, తీసిన స్క్రూను తీసిన చోటు గీసుకున్న కాగితానికి టేపుతో అంటించుకునే ఓపికుంటే విప్పొచ్చు. చేతనైనవాడు కూడా చేతులు కట్టుకు కూర్చోవాలనడం న్యాయం కాదు.

కోఠి చౌరస్తా
అన్నా, లోపటికి పోయే ముచ్చట తర్వాత. ముందుగాల బయట చూడాలె గదా. దారిల ఆగిన కెమెరాలు శానమట్టుకు స్క్రూ ముట్టకుండనే నడుస్తయి.

కెనాన్‌ల ఎర్రర్ 01 అంటే లెన్సుకు, బాడీకి మాట కలుస్తలేదని. లెన్సు తీసి, బాడీ నోరు కిందికి పట్టుకోని, లెన్సు ఎనక బంగారు రంగు కాంటాక్టులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోని తుడువుండ్రి. పెన్సిల్ రబ్బరు మాత్రం వద్దు, పూత గీక్కపోతది, పొడి లోపట పడతది. క్లిక్కు ఇనబడేదాక బిగించుండ్రి. అయినా పోకపోతే ఎపర్చర్‌ను (లెన్సుల వెలుతురు పోయే రంధ్రం) మొత్తం తెరిచి, కిట్ లెన్సయితే ఎఫ్/3.5 మీద, ఒక ఫొటో కొట్టుండ్రి. అది ఒస్తే బాడీ మంచిగున్నట్టే. లెన్సుల ఎపర్చర్ బ్లేడ్లు కదుల్తలేవు, లేకుంటే వాటి కేబుల్ తెగింది. మొత్తం తెరిచిపెడితే బ్లేడ్లు కదిలే పనే లేదు, మిగిలిన ట్రిప్పంత గట్లనే ఎల్లదీయొచ్చు.

ఎర్రర్ 02 అంటే కార్డు. ఎస్డీ కార్డు పక్కన లాక్ మీట జర వదులైతే స్లాటుల తోసేటప్పుడు జారి లాక్ పడతది. దాని గాడి మీద సన్నటి సెలోటేపు ముక్క సాఫుగ అంటిస్తే సరి, కొస లేవకుండ చూడుండ్రి, స్లాటుల ఇరుక్కుంటది. కార్డుల ఫొటోలున్నయంటే ఫార్మాట్ అడిగినా కొట్టొద్దు. ఆ కార్డు పక్కకు పెట్టి ఇంకోటి ఏసుకోండ్రి, ఇంటికొచ్చినంక ఫొటోరెక్ అసుంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోని తీసుకోవచ్చు. దాని మీద కొత్త ఫొటో ఒక్కటి రాసినా పాతయి పోతుంటయి.

నికాన్‌ల పాత లెన్సు పెడితే ఎఫ్ఈఈ అని మెరుస్తదా? ఖరాబు కాదు. లెన్సు మీద ఎపర్చర్ రింగును 22 అసుంటి పెద్ద అంకె మీదికి తిప్పి లాక్ చెయ్యుండ్రి.

ఐఎస్ఓ నూరు
చలి మాట ఎవరూ ఎత్తలేదు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, పాంగాంగ్ 4,200 దాటుతుంది. చాలా కెమెరాల మాన్యువల్‌లో పని చేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలనే రాసి ఉంటుంది. చలికి లిథియం బ్యాటరీలో అయాన్ల కదలిక మందగించి లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది, అది చూసి కెమెరా ఖాళీ అని ఆగిపోతుంది. చార్జ్ ఎక్కడికీ పోలేదు. బ్యాటరీని లోపలి చొక్కా జేబులో ఒంటి వేడికి ఆనించి ఉంచితే మళ్లీ నడుస్తుంది. రెండు మార్చుకుంటూ వాడాలి.

అంతకన్నా ముప్పు చలిలోంచి వేడి గదిలోకి వచ్చినప్పుడు. బయటే కెమెరాను జిప్ కవర్లో పెట్టి గాలి తీసి మూసి, అప్పుడు లోపలికి తేవాలి. గది వేడికి వచ్చేదాకా, సుమారు గంట, తెరవద్దు. తడి కవరు మీదే పట్టి ఆగిపోతుంది. కార్డు బయటికి కావాలంటే కవర్లో పెట్టకముందే తీసుకోండి. విశాఖలో ఏసీ గది నుంచి బీచ్‌కి వెళ్లేటప్పుడు కూడా ఇదే, కాకపోతే దిశ తిరగబడుతుంది: గదిలోనే కవర్లో మూసి, బయట తెరవాలి.

ఒక పక్క మాట: విమానంలో స్పేర్ బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్‌లో వేయకూడదు. స్క్రూడ్రైవర్ చెకిన్‌లోనే ఉండాలి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. కెమెరా ఒకచోట, మరమ్మతు ఇంకోచోట. స్క్రూడ్రైవర్ పక్షం వాళ్లు ఇది ఆలోచించుకోండి.

కొల్లేటి కొంగ
చెకిన్ సంచి హోటల్‌కి వస్తుంది కదండీ, అక్కడే విప్పుకుంటాం. సరే, బయటి తనిఖీలు ఒప్పుకుంటున్నాను. కానీ సముద్రపు నీళ్ల మాటేమిటి? "ముట్టొద్దు" అనే సూత్రం కెమెరాను చంపేది అక్కడే. మంచినీళ్లు ఆరిపోతాయి, ఉప్పు ఆరదు. నీరు పోయినా ఉప్పు బోర్డు మీదే మిగులుతుంది, గాలిలో తేమ పీల్చుకుంటూ రాగిని తింటుంది. బ్యాటరీ లోపలే ఉంటే విద్యుద్విశ్లేషణ కూడా తోడవుతుంది, అప్పుడు గంటల్లోనే పచ్చగా పొంగుతుంది. ఇంటికెళ్లాక చూద్దామంటే చూడ్డానికేమీ మిగలదు. పడగానే బ్యాటరీ, కార్డు తీసి, కవరు విప్పి, బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడగాలి.

మంజీర
ఆ ఆల్కహాల్ అండమాన్‌కి ఎలా తీసుకెళ్తారు? మంటలంటుకునే ద్రవం, విమానంలో చేతి సంచిలోనూ వద్దు, చెకిన్‌లోనూ వద్దు. అక్కడ దొరికే శానిటైజర్ దానికి బదులు కాదు, అందులో నీళ్లుంటాయి, గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మిగులుతుంది.

ఇంకోటి, చిలకరింపుకీ మునకకీ తేడా చూడండి. అల చిలకరింపు పైన పడితే ఆఫ్ చేసి, బ్యాటరీ మూత తెరవకముందే, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒళ్లంతా తుడవాలి. తర్వాత పొడిగుడ్డ. అంతే. దీన్ని విప్పి కడిగితే లోపలికి వెళ్లని ఉప్పును మీరే పంపినట్టు.

పూర్తిగా మునిగితే నా మాట మార్చుకుంటాను, కానీ విప్పడానికి కాదు. బ్యాటరీ, కార్డు తీసి, మూతలన్నీ తెరిచి, లెన్సు విడదీసి, బాడీని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి మెల్లగా కదపాలి, నీళ్లు మార్చి రెండోసారి. ఆటోమొబైల్ దుకాణంలో బ్యాటరీలో పోయడానికి అమ్మేదే, యాసిడ్ కలపనిది అడగండి. సెన్సర్ మీద మరకలు పడొచ్చు, ఎల్‌సీడీ పొరల్లోకి నీరు దిగొచ్చు. ఎలాగూ మునిగినదానికి అవి చిన్న నష్టాలు. కార్డును మంచినీళ్లలో కడిగి ఆరబెడితే ఫొటోలు చాలాసార్లు బతికే ఉంటాయి.

ఐఎస్ఓ నూరు
ఎవరైనా బియ్యం డబ్బా అనకముందే చెప్తున్నా: వద్దు. బియ్యం తేమను చాలా మెల్లగా పీలుస్తుంది, దాని పొడి, తవుడు బటన్ల సందుల్లో, లెన్స్ బ్యారెల్‌లో దూరుతాయి. ఫ్యాన్ గాలి అంతకన్నా మేలు. మూతలు కిందికి ఉండేలా వంచి ఫ్యాన్ ముందు ఒక రోజు, తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో రెండు మూడు రోజులు. చెప్పుల పెట్టెల్లోంచి దాచిన పొట్లాలు పనికిరావు, అవి ఎప్పుడో తేమతో నిండిపోయి ఉంటాయి. రంగు మారే గుళికలు కొనండి: నీలం గులాబీ రంగుకు తిరిగినా, నారింజ ఆకుపచ్చకు తిరిగినా పని అయిపోయినట్టే. సుమారు 120 డిగ్రీల్లో రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలంవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంట గిన్నెలో వేయకండి. హెయిర్ డ్రయ్యర్, ఎండ రెండూ వద్దు: జిగురు వదులుతుంది, లెన్సులో గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి పాకుతుంది.

కొల్లేటి కొంగ
డిస్టిల్డ్ వాటర్ దాకా వచ్చారు, సంతోషం. కానీ బోర్డు మీద షీల్డ్ రేకుల కింద చేరిన ఉప్పు బయటి నుంచి ముంచితే పోదు. ఆ ఒక్క సందర్భంలో విప్పాల్సిందేనన్న మాట వెనక్కి తీసుకోను.

ఇసుక పట్టిన కాంపాక్ట్‌కి మాత్రం విప్పొద్దని నేనూ అంటాను. లెన్స్ ఎర్రర్ వస్తే ఆన్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి, ప్రతిసారీ మోటారు ఇసుకను గేర్లలోకి నూరుతుంది. బ్యారెల్ కిందికి పట్టి, రబ్బరు బ్లోయర్‌తో సందుల్లోకి ఊది, పలుచటి విజిటింగ్ కార్డు అంచుతో గొట్టాల మధ్య చుట్టూ ఒక్కసారి మెల్లగా తిప్పండి. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది. కెనాన్ పవర్‌షాట్ లాంటివాటిలో ప్లే బటన్‌తో ఆన్ చేస్తే లెన్సు బయటికి రాదు, తీసిన ఫొటోలైనా చూసుకోవచ్చు.

కోఠి చౌరస్తా
మీ ఇద్దరి పంచాయితీ తెగేటట్టు లేదు గానీ, లద్దాఖ్ నుంచి వచ్చేటోళ్లు ఢిల్లీల దిగితే చాందినీ చౌక్‌ల కూచా చౌధరీకి పోండ్రి, కెమెరాల బజారే అది. మనకాడ కోఠి ఉండనే ఉంది. వారంటీ ఉంటే మాత్రం కంపెనీ సెంటరుకే, స్క్రూల తలలు గీక్కపోయి కనబడితే వాళ్లు ముట్టుకోరు. కార్డు, బ్యాటరీ, పట్టీ తీసుకోని, సీరియల్ నంబరు రసీదు మీద రాయించుకోని ఇయ్యుండ్రి.

ఇచ్చేటప్పుడే "ఉప్పునీళ్లల్ల పడ్డది, ఇంక ఆన్ చెయ్యలే" అని చెప్పాలె. ధర ఎక్కువ చెప్తడని దాస్తే, ఆయన మొదటి పని బ్యాటరీ పెట్టి స్విచ్ నొక్కుడే.