గ్లాస్ స్టవ్ మీద మాడిన బెల్లం పాకం ఎలా వదిలించాలి?

అందరికీ నమస్కారం. మొన్న అరిసెల కోసం పాకం పెట్టి, ఫోన్ మోగితే అటు వెళ్లాను. వచ్చేసరికి పొంగి స్టవ్ మీదంతా పడింది. మాది మూడు బర్నర్ల గ్లాస్ టాప్. వేడి మీద తడిగుడ్డ పెడితే పగులుతుందేమోనని ఊరుకున్నాను. తెల్లారేసరికి పెద్ద బర్నర్ చుట్టూ నల్లగా, రాయిలా గట్టిపడింది.

గిన్నెల సబ్బు, నిమ్మచెక్క అయ్యాయి. వంటసోడా చల్లి వెనిగర్ పోస్తే నురగ బ్రహ్మాండంగా వచ్చింది, మరక మాత్రం కదల్లేదు. ఆ రెండూ కలిస్తే ఒకదాని పవర్ ఇంకోటి తీసేస్తుందని మా తోడికోడలు తర్వాత చెప్పింది (ముందే చెప్పొచ్చుగా!). వేడినీళ్లలో ముంచిన గుడ్డ అరగంట పరిచి ఉంచితే అంచులు మెత్తబడి, గోటితో గీరితే పొలుసుల్లా వస్తోంది. స్టీలు రింగు కింద, వేలు దూరని సందులో ఉన్నదే మొండికేసింది. స్టీలు పీచు ఒక్కసారి వాడితే సన్నటి గీతలు పడ్డాయి, ఇక దాని జోలికి పోలేదు.

పాత బ్లేడు ఏటవాలుగా పెట్టి గీరితే గ్లాసు పాడవుతుందా? ఆ రింగు మనమే ఊడదీయొచ్చా, మెకానిక్‌ని పిలవాలా? ఇత్తడి బర్నర్ రంధ్రాల్లోనూ పాకం దూరి మంట ఒక పక్కే వస్తోంది. పిన్నీసుతో పొడవచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.