అప్‌డేట్: రాగి మాల్ట్ స్టాండు ఊగడం ఆగింది

రాగి మాల్ట్ కాచే రెండంతస్తుల స్టాండు, పై పాత్రలో 40 లీటర్ల నీళ్లు పోయగానే ఎందుకు ఊగుతోందని నేను అడిగిన ప్రశ్నకు బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. విజయవాడ ఆటోనగర్‌లోని వెల్డింగు మేస్త్రి చెప్పిన కారణం మీలో ఒకరు సూచించినదే: 40 కిలోల నీళ్ల బరువే పై అంతస్తులో నిలుస్తుండగా, చట్రంలో ఏటవాలు కమ్మీ ఒక్కటీ లేనందున కాళ్లు పక్కకు ఒరుగుతున్నాయి. వెనుకా, రెండు పక్కలా మూల నుంచి మూలకు ఇనుప పట్టీలు వెల్డింగు చేయించి త్రిభుజాలుగా మార్చాక ఊగడం పూర్తిగా ఆగింది. పొయ్యి వెలిగించాలి కనుక ముందువైపు ఖాళీగా వదిలాము. మందమైన గొట్టాలు కొనే పని పడలేదు, పాత 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలే సరిపోయాయి. స్టాండు కింది చక్రాలకూ ఈ ఊగడానికీ సంబంధమే లేదు. తుప్పుకు భయపడి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) గొట్టం వాడదలచినవారు మాత్రం, బాగా వేడెక్కిన జింకు పూత నుంచి హానికరమైన పొగ వస్తుంది కనుక, మంట తగిలే చోట మామూలు ఇనుమే వాడండి.