హాల్లోకి అచ్చు డిజైన్ టైలా, లోపలిదాకా రంగున్న టైలా? కాస్త తేల్చండి

కొత్తగడప (ఒంగోలు)
అందరికీ నమస్కారం. ఒంగోలు పక్కన ఇల్లు కడుతున్నాం. ప్లాస్టరింగ్ నడుస్తోంది, ఇంట్లో నేల గురించి గొడవ కూడా నడుస్తోంది. మా ఆవిడకి హాల్లో నీలం, పసుపు, తెలుపు కలిసిన పూల గళ్ల డిజైన్ కావాలి, చెట్టినాడు పాత ఇళ్లలో ఉంటుందే, అలాంటిది. షాపతను దాన్ని జీవీటీలో చూపించాడు. డిజిటల్ ప్రింట్ వేసి గ్లేజ్ పోసిన విట్రిఫైడ్ టైలు. మా మేస్త్రి దాని అంచు తిప్పి చూసి, "ఇది బొమ్మేసిన బిళ్లయ్యా, తిరగ్గా తిరగ్గా తెల్లబడిపోద్ది. డబల్ చార్జ్ వేయించుకో, అరిగినా అదే రంగు" అన్నాడు. డబల్ చార్జ్‌లో చూస్తే అన్నీ మచ్చలూ చారలే, పూలు లేవు. మెషిన్ మీద అచ్చేసిన రంగుల డిజైన్ అసలు నేలకి పనికొస్తుందా? గోడకి వాల్‌పేపర్ సంగతి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మేస్త్రిగారబ్బాయి (కందుకూరు)
మీ మేస్త్రి మాటే నాదీ. మా నాన్న బేల్దారి, నేను టైల్స్ పని చేస్తా. కట్టర్ మీద పెట్టి కోసినప్పుడు ఏ టైలు బండారం ఏంటో తెలిసిపోద్ది. జీవీటీ కోస్తే పైన సన్నటి రంగు గీత, కింద అంతా ఒట్టి మట్టి రంగు. డబల్ చార్జ్‌లో రెండు పొరల పొడి పోసి కలిపి ప్రెస్‌లో కొడతారు కాబట్టి పైనుంచి మూడు మిల్లీమీటర్ల దాకా రంగు దిగి ఉంటుంది. సిలిండర్ లాగేటప్పుడు అంచు తగిలి పెచ్చు లేచిందనుకో, డబల్ చార్జ్‌లో గుంట పడుద్ది, అంతే. జీవీటీలో అయితే నీలం పువ్వు నడుమ తెల్ల మచ్చ. వచ్చిన చుట్టం కన్ను ముందు దాని మీదే పడుద్ది.

మోర్బీరిటర్న్ (నెల్లూరు)
పెచ్చు లేస్తే మచ్చ పడుతుంది, నిజమే. "తిరగ్గా తిరగ్గా తెల్లబడిపోద్ది" అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. గుజరాత్‌లో మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలో పని చేసి వచ్చినవాణ్ణి, లైన్ ఎట్టా నడుస్తుందో చెప్తా.

ప్రెస్‌లోంచి వచ్చిన పచ్చి బిళ్లని ఆరబెడతారు. దాని మీద ఎంగోబ్ అనే తెల్లటి పూత, ఆపైన గ్లేజ్. అప్పుడు ప్రింటర్ కిందకి వెళ్తుంది. బెల్టు ఆగదు. పైన వరసగా హెడ్లు ఉంటాయి, ఒక్కో వరసకి ఒక్కో రంగు: నీలం, బ్రౌన్, పసుపు, నలుపు ఇట్లా. టైలు కిందనుంచి పోతుండగానే సన్న చుక్కలు రాల్చేస్తాయి. హెడ్డు టైలుని తాకదు, అదే దీని గొప్ప. అంతకుముందు సిలికాన్ రోలర్లతో అద్దేవాళ్లు, ఇంకా ముందు స్క్రీన్ ప్రింటింగ్. అవి తాకాల్సిందే కాబట్టి ఎత్తుపల్లాలున్న గోడ టైలు మీద అచ్చు సరిగ్గా పడేది కాదు, పచ్చి బిళ్లలు విరిగేవి కూడా. ఈ ఇంక్‌జెట్ 2000 ప్రాంతంలో స్పెయిన్‌లో, కాస్టెల్లోన్ వైపు మొదలైంది. ఇప్పుడు మోర్బీలోనూ అదే రాజ్యం.

అచ్చు పడ్డాక దాని మీద మళ్లీ పారదర్శకమైన గ్లేజ్ పోసి, కిల్న్‌లో, అంటే బట్టీలో, దాదాపు 1200 డిగ్రీల్లో కాలుస్తారు. ఆ ఇంకు కాగితం మీద వాడే ఇంకు కాదు, కోబాల్ట్, ఇనుము, క్రోమియం లాంటి లోహాల రంగుపొడి. ఆ వేడిలో కాలి గాజులో కలిసిపోతుంది. ఫ్రేము కట్టిన ఫోటో అనుకోండి, మీ కాలు తగిలేది అద్దానికి, ఫోటోకి కాదు.

డబల్ చార్జ్‌లో పూలు ఎందుకు రావంటే, అక్కడ రంగు పొడిగా రాలుతుంది. రాలే పొడితో మబ్బు వేయొచ్చు, చార వేయొచ్చు, మచ్చ వేయొచ్చు. పదునైన అంచున్న పువ్వు వేయలేం. అక్కగారికి పూలు కావాలంటే జీవీటీ తప్ప దారి లేదు.

కొత్తపట్నంగాలి (కొత్తపట్నం)
ఫోటో సంగతి సరే అన్నా, అద్దానికే గీతలు పడితే? మాది సముద్రం పక్కన ఊరు. చెప్పులు బయట విప్పినా కాళ్లకి అంటుకుని ఇసక లోపలికి వస్తానే ఉంటుంది. ఇసకంటే క్వార్ట్జ్, గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో 7. గ్లేజు మామూలుగా 5, 6 దగ్గర ఉంటుంది. ఇంక ఎవరు గీస్తారో, ఎవరు గీయించుకుంటారో మీరే చెప్పండి. మా హాల్లో వేసింది పాలిష్ జీవీటీ, ముదురు రంగు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు గుమ్మం నుంచి వంటింటి దాకా మెరుపు లేని బాట కనపడుతుంది. సోఫా జరిపి చూస్తే దాని కింద కొత్తగా మెరుస్తా ఉంది.

కానీ ఒక్క మాట. రంగు పోలేదు, డిజైన్ పోలేదు. పోయింది మెరుపు. కాబట్టి మేస్త్రి చెప్పినట్టూ జరగలేదు, ఫ్యాక్టరీ అన్న చెప్పినట్టూ జరగలేదు.

ఇంకోటి, డబల్ చార్జ్ దేవుడిచ్చిన వరమేం కాదు. సింగరాయకొండలో మా తమ్ముడు అదే వేయించాడు. పాలిష్ పట్టినప్పుడు లోపల మూసుకుని ఉన్న సన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. వాటిని మూయడానికి నానో పూత వేస్తారు, అది అరిగాక పసుపు పడితే వదలదు. దేవుడి గది ముందు పచ్చటి మరక అట్టాగే ఉండిపోయింది.

పాతపుస్తకాలు (నెల్లూరు)
మీరిద్దరూ కొట్టుకునే ఈ గొడవ ఇంగ్లండ్‌లో నూట పాతికేళ్ల కిందటే నడిచింది, టైల్స్ మీద కాదు, లినోలియం అనే నేల మీద పరిచే షీటు మీద. ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన 1863లో పేటెంట్ తీసుకున్నాడు. అవిసెనూనెని గాలికి గట్టిపడనిచ్చి, రెజిన్ కలిపి, బెండు (కార్క్) పొడీ రంగూ కలిపి, గోనెగుడ్డ మీద రోలర్లతో పరిచేవాళ్లు. ఆ గోనెగుడ్డకి జనుము చాలావరకు మన బెంగాల్ నుంచే వెళ్లేది. డిజైన్ మాత్రం పైన అచ్చేసిందే. గుమ్మం దగ్గర, పొయ్యి ముందు ముందుగా అరిగిపోయేది, దాని మీద గాజు పొర లేదు కదా.

దానికి రెండు మందులు కనిపెట్టారు. ఒకటి, రంగుకో జల్లెడ అచ్చు పెట్టి రంగు పొడుల్ని గోనె మీద రాల్చి వేడి ప్రెస్‌లో నొక్కడం. రంగు అడుగుదాకా ఉండేది, కానీ పువ్వు అంచు చెదిరిపోయేది. మోర్బీ అన్న ఇప్పుడు డబల్ చార్జ్ గురించి చెప్పిన తంటా అదే. రెండోది వాల్టన్ సొంత మెషిన్. 19వ శతాబ్దం చివర్లో లండన్ పక్కన గ్రీనిచ్‌లో పెట్టాడు. రంగుకో షీటు తీసుకుని, పెద్ద సిలిండర్ల మీద ముక్కలు కోసి, పక్కపక్కనే ఇరికించి, గోనె మీద వేడి రోలర్‌తో అతికేది ఆ మెషిన్. అంచు కత్తితో కోసినట్టుండేది, అరిగేకొద్దీ కింద కూడా అదే పువ్వు. మెషిన్‌తో లోతైన డిజైన్ రాదని కాదు మరి, ఖర్చుతో వస్తుంది. అది వచ్చాక కూడా అచ్చు లినోలియం పోలేదు, చవక కాబట్టి జనం కొంటూనే ఉన్నారు.

వాల్‌పేపర్ అడిగారు కాబట్టి అది కూడా. రంగుకో రోలర్ పెట్టి కాగితం మీద అచ్చేసే మెషిన్‌కి 1839లోనే లాంకషైర్‌లో పేటెంట్ ఉంది. ఒక రంగు వెంట్రుకవాసి పక్కకి జరిగితే పువ్వుకి నీడ వచ్చేస్తుంది, ఆ పనిలో కష్టమంతా అక్కడే. ఇప్పుడొచ్చేవి చాలావరకు ప్లాస్టిక్ పూతవి, తడిగుడ్డతో తుడవొచ్చు. మన తీరంలో బెడద కాగితం కాదు, గోడ. చెమ్మ లోపలినుంచి వస్తే ఆ పూత దాన్ని బయటికి పోనీయదు, వెనకాల నల్ల బూజు పడుతుంది. గోడ బాగా ఆరకముందు అతికించొద్దు, బాత్రూం అవతలి గోడకి అసలు వద్దు.

చీమకుర్తిబండ (చీమకుర్తి)
ఒంగోలులో ఇల్లు కడతా గుజరాత్ మట్టి గురించి కొట్టుకుంటున్నారు, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. పక్కనే మా చీమకుర్తి నల్ల గ్రానైటు, బ్లాక్ గెలాక్సీ ఉంది. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, ఎవరూ అచ్చేసింది కాదు, ఎంత లోతు కోసినా ఉంటాయి. చైనా వాళ్లు ఓడల్లో తీసుకుపోయి వేసుకుంటున్నారు, మనకి చేదు. రంగుల పూలే కావాలంటే వాటర్‌జెట్ ఉంది. నీళ్లలో గార్నెట్ పొడి కలిపి మూడు నాలుగు వేల బార్ల ఒత్తిడితో వదిలితే కంప్యూటర్‌లో గీసినట్టే రాయి తెగుద్ది. నల్లరాయిలో పువ్వు ఆకారం కోసి, అదే కొలతకి ఎర్రరాయి, తెల్లరాయి ముక్కలు కోసి దింపేస్తారు. పాతపుస్తకాలు అన్న చెప్పిన లినోలియం పద్ధతే, రాయిలో. హాలు మొత్తం వద్దు, నడుమ ఒక చక్రం చాలు.

దర్గామిట్టఅమ్మాయి (నెల్లూరు)
అందరూ అరుగుదల గురించే మాట్లాడుతున్నారు. రోజూ తుడిచేది ఎవరు? మా అమ్మ వాళ్లింట్లో నల్ల గ్రానైటే. మా బోరు నీళ్లు ఉప్పవి, తుడిచి ఆరగానే తెల్ల చారలు. మళ్లీ పొడిగుడ్డ పెట్టాలి. దుమ్ము, వెంట్రుక, అన్నం మెతుకు, అన్నీ కనపడతాయి. పూల డిజైన్ టైలు మీద రోజంతా ఎవరు నడిచినా తెలియదు, అక్క అదే అడిగి మంచిపని చేసింది.

ఎవరూ సలహా ఇవ్వకముందే చెప్తున్నా, వినైల్ షీటు జోలికి మాత్రం పోవద్దు. అద్దె ఇంట్లో మేం వేయించాం. పీవీసీ షీటు మీద చెక్క డిజైన్ అచ్చు, పైన పారదర్శక పొర, చూడటానికి ఎంత ముద్దుగా ఉండేదో. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు వీధిలోకి నీళ్లొచ్చాయి. ఇంట్లోకి వచ్చింది కొంచెమే, కానీ షీటు కిందకి చేరింది. పైన తుడిస్తే ఆరింది, కింద ఆరలేదు. వాసన భరించలేక మొత్తం పీకేశాం. ఏసీ ఆఫీసులకి బాగుండొచ్చు, నేల చెమ్మ పట్టే ఇళ్లకి కాదు. (గడప ముందు అంటించే ముగ్గు స్టిక్కర్లు కూడా ప్లాస్టిక్ అచ్చులే. మా అత్తకి అవంటే ఒళ్లు మంట, నాకు పండగ రోజు పొద్దున్నే ప్రాణం.)

ఇంకోటి, పాలిష్‌ది కాకుండా మ్యాట్ తీసుకోండి. తడికాళ్లతో పరిగెత్తే పిల్లలుంటే మరీను.

పలకలూరు (మార్కాపురం)
మెషిన్ పని అనగానే తీసిపారేయకండి. మా వైపు ఒకప్పుడు బడి పలకలే బతుకు. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి అది దెబ్బతింది. తర్వాత అదే రాయిని మెషిన్ మీద కోసి గోడ బిళ్లలు, నేల బిళ్లలు చేసి విదేశాలకి పంపడం మొదలుపెట్టారు. కొత్తగడప గారూ, ఎంట్రన్స్ గోడకి వాల్‌పేపర్ బదులు రంగురంగుల స్లేటు ముక్కలు చూడండి. అందులో ఏ రెండూ ఒక్కలా ఉండవు.

మేస్త్రిగారబ్బాయి (కందుకూరు)
సరే, జీవీటీ డిజైనే వేస్తారనుకుందాం. నా భయం ఇంకోటి కూడా ఉంది. సాదా టైలు మిల్లీమీటరు అటూఇటూ అయినా గ్రౌట్‌లో, అంటే టైళ్ల సందుల్లో నింపే ముద్దలో, సర్దేస్తాం. పూల డిజైన్‌లో నాలుగు టైళ్ల మూలలు కలిసే చోటే పువ్వు పూర్తవుద్ది. ఒకటి కాస్త పెద్దది వస్తే ఐదో వరసకి పూరేకులు కలవవు. అప్పుడు తిట్లు ఫ్యాక్టరీకి పడవు, మాకు పడతాయి. ఈ డిజైన్లకి మేం కూలీ ఎక్కువ అడిగేది అందుకే.

మోర్బీరిటర్న్ (నెల్లూరు)
ఈ పాయింటుకి నా ఓటు. కొనేటప్పుడు పెట్టె మీద బ్యాచ్, షేడ్, సైజు కాలిబర్ (టైలు అసలు కొలత ఏ తరగతో చెప్పేది) గుర్తులు చూడండి. అన్ని పెట్టెలవీ ఒకటే ఉండాలి. పెట్టె విప్పి నాలుగు టైళ్లు నేల మీద పరిచి మూలలు కలిపి చూడందే డబ్బు కట్టొద్దు. పీఈఐ రేటింగ్ అడగండి. గ్లేజు ఎంత తిరుగుడికి తట్టుకుంటుందో చెప్పే లెక్క అది, ఇంటి హాలుకి 3 సరిపోతుంది, మీది ఇసక నేల కాబట్టి 4 తీసుకోండి. రెండు పెట్టెలు ఎక్కువ కొని అటక మీద పెట్టుకోండి, ఆ బ్యాచ్ మళ్లీ దొరకదు. సిలిండర్ మచ్చకి మందు కూడా అదే.

కొత్తగడప (ఒంగోలు)
అందరికీ థ్యాంక్స్. ఇంట్లో చదివి వినిపించాను. హాల్లో మ్యాట్ జీవీటీ పూల డిజైన్, లేత రంగు. వరండా, మెట్లకి చీమకుర్తి రాయి, అది కూడా పాలిష్ పట్టకుండా. వాల్‌పేపర్ వద్దనుకున్నాం. మా మేస్త్రి ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు. డిజైన్ కలిపే పనికి అడుగుకి ఇంత అని రేటు చెప్పమంటే రేపు చెప్తానంటున్నాడు.

మేస్త్రిగారబ్బాయి (కందుకూరు)
రేపు ఎక్కువే చెప్తాడు. బేరమాడండి గానీ మరీ తగ్గించకండి, పూరేకులు కలవాలి కదా.

చీమకుర్తిబండ (చీమకుర్తి)
మెట్ల రాయి లారీ దిగకముందు నాకో మాట చెప్పండి. మెట్టు అంచు గుండ్రంగా తిప్పించాలంటే కోయించేటప్పుడే చెప్పాలి.