కార్ ఆడియో ‘ట్యూనింగ్’ని ‘శ్రుతి చేయడం’ అనొచ్చా?

ప్రశ్న: కార్ స్టీరియోల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘ట్యూనింగ్’ వచ్చిన ప్రతిచోటా ‘శ్రుతి చేయడం’ అని పెట్టాను. చదివిన స్నేహితుడు “కారేమన్నా తంబురానా?” అని నవ్వాడు. ఇందులో తప్పేముందో పెద్దలు చెప్పాలి.

జవాబు: తప్పుందండీ. వీణకి బిరడ తిప్పితే తీగ బిగిసి శ్రుతి పెరుగుతుంది. కారులో ఈక్వలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో, తగ్గించాలో పెట్టుకునే అమరిక) ఎంత కదిపినా ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరలోనే ఉంటుంది. మారేవి రెండే: ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వినబడుతోంది, ఏ స్పీకర్ శబ్దం చెవికి ఎప్పుడు చేరుతోంది.

మొదటిదాని కోసం పింక్ నాయిస్ అనే పరీక్ష శబ్దం పెడతారు. హోరున కురిసే వానలా ఉంటుంది, ప్రతి ఆక్టేవ్‌లోనూ (అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే ప్రతి మెట్టులోనూ) శక్తి సమానం. డ్రైవర్ తల ఉండే చోట మైక్ నెమ్మదిగా తిప్పుతూ కొలిస్తే ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ గుంట పడిందో తెరమీద కనబడుతుంది. ఉబ్బుని తగ్గించడం తేలిక. అద్దాల నుంచి తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దాన్ని కొట్టేయడం వల్ల పడిన గుంటని మాత్రం బూస్ట్ చేసి పూడ్చలేం, ఆంప్లిఫయర్‌కి భారం తప్ప.

ఇక రెండోది. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. కుడి స్పీకర్ 80 సెంటీమీటర్ల దూరంలో, ఎడమది 140లో ఉందనుకోండి. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, కుడిదాన్ని దాదాపు 1.75 మిల్లీసెకన్లు ఆపితే గాయని గొంతు డోర్లోంచి కాకుండా డాష్‌బోర్డు మధ్యలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇందులో శ్రుతి ఎక్కడుంది?

అసలు ‘ట్యూన్’ మనకి ఎప్పుడో తెలుగైపోయింది. మెకానిక్ ఇంజిన్ ట్యూన్ చేస్తాడు, సినిమా వాళ్లు ట్యూన్ కడతారు. రేడియోకి మాత్రం ముల్లు తిప్పి స్టేషన్ పట్టేవాళ్లం (ఆ ‘పట్టడం’ ఎంత బాగుందో). నా ఓటు: ‘ట్యూనింగ్’ అలాగే ఉంచి, వివరణలో ‘సరిచేయడం’ అనండి.

మరో జవాబు: నేను కొంచెం అడ్డొస్తాను. ‘శ్రుతి చేయడం’ వద్దంటే సరే, ‘శ్రుతి కలవడం’ మాత్రం వదులుకోకండి. సబ్ వూఫర్‌నీ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) డోర్ స్పీకర్లనీ 80 హెర్ట్జ్ దగ్గర విడగొట్టారనుకుందాం, అంటే దానికి కిందివి సబ్‌కి, పైవి డోర్లకి. ఆ సరిహద్దులో ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంటే బేస్ చచ్చిపోతుంది. సబ్ పోలారిటీ (ప్లస్, మైనస్ తీగలు) తిప్పగానే నిండుగా వస్తే, అంతకుముందు ఆ రెండిటికీ శ్రుతి కలవలేదనడంలో తప్పేంటి? అన్నదమ్ములకి శ్రుతి కుదరలేదు అంటాం, అక్కడ తంబురా ఉందా?

మొదటి జవాబిచ్చినవారు: అలంకారంగా అయితే ఒప్పుకుంటాను. సూచనల మధ్య రాస్తే మాత్రం సంగీతం తెలిసిన పాఠకుడు తికమకపడతాడు.

అడిగినవారు: సరేనండీ, మార్చేస్తాను. మరి కొలతలో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకే మట్టంలో కనబడే ‘ఫ్లాట్’ గీతకి ‘చదును’ అని రాశాను, ఉంచనా?

జవాబు: ‘సమంగా’ అనండి. అయితే గీత పూర్తిగా సమంగా పెడితే కారులో పాట పల్చగా, ట్రెబుల్ గుచ్చుతూ ఉంటుంది. అందుకే ట్యూనింగ్ చేసేవాళ్లు బేస్ వైపు ఎత్తు ఉంచి పై ఫ్రీక్వెన్సీలకి పోయేకొద్దీ తగ్గిస్తారు. దానికి ‘ఏటవాలు గీత’ అని రాయండి, ఎవరికైనా అర్థమవుతుంది.